దగ్గుకు కొట్టిన చప్పట్లు

నేను ఒక హార్మోనియాన్ని. ఒళ్ళో పెట్టుకుని ఒక చేత్తో ఊపుతూ భజన చేసుకునే బుల్లిపెట్టె అనుకునేరు, కాదు. కాళ్ళ హార్మోనియాన్ని. నా ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నవాడు రెండు కాళ్ళతోనూ తొక్కితే నా కడుపులో తిత్తులు నిండుతాయి, అప్పుడు గానీ నోరు విప్పను. తొక్కితే పాడే జాతి నాది. ఎవరూ తొక్కకపోయినా అరిచే జాతి మీది. ఈ తేడా ముందే చెప్పి పెట్టడం మంచిది. మీ గురించి నేను చెప్పబోయేదాంట్లో గౌరవం పాలు కాస్త తక్కువగా ఉంటుంది మరి.

నన్ను చేసిన వడ్రంగి కృష్ణ ఒడ్డువాడు. నా ఒంటి టేకు ఏదో జమీందారు పట్టెమంచానిదని జనానికి చెప్పుకునేవాడు. నిజానికి అది పాత రైస్ మిల్లు తలుపు. రీడ్లు మాత్రం జర్మనీవి, అందులో అబద్ధం లేదు. అక్కణ్ణించి ఒక నాటకాల కంట్రాక్టరు చేతికి వెళ్ళాను. నాతో పాటు కిరీటాలూ గదలూ ఒకే లారీలో పడేసేవాడు. వాడి కంపెనీ చీలిపోయాక కొన్నాళ్ళు ఒక చర్చిలో బుద్ధిగా కీర్తనలు పాడాను. నన్ను అంత శుభ్రంగా తుడిచినవాళ్ళు మళ్ళీ తగల్లేదు. చివరికి ఒంగోలుకి దక్షిణాన, పొగాకు వేడికి ఆరబెట్టే బ్యారన్ల మధ్య ఉన్న ఒక ఊళ్ళో కాశింపీరా అనే హార్మోనిస్టు కాళ్ళ కింద పడ్డాను.

కాశిం మంచి వాయిద్యగాడే. నోటికే బ్రేకుల్లేవు. ఒకసారి అతను నామీద మోహన వాయిస్తే, పక్క కొష్టంలో కట్టేసిన ఒంగోలు గిత్త చేపుకొచ్చి పాలిచ్చిందని టీ కొట్టు దగ్గర చెప్పాడు. గిత్త పాలివ్వడమేంటి మాస్టారూ అని ఒక్కడు కూడా అడగలేదు. ఎన్ని శేర్లు ఇచ్చిందని అడిగారు. ఈ జనం మధ్య నేను బతికాను.

ఇంతకీ నేను చెప్పొచ్చింది కాశిం గురించి కాదు, కోదండపాణి గురించి.

దేవరపు కోదండపాణి పగలు పొగాకు కంపెనీలో మేస్త్రీ. ఆడకూలీలు ఆకు గ్రేడు చేస్తుంటే పర్యవేక్షించేవాడు. పొద్దు వాలితే రాజు. చుట్టుపక్కల ఊళ్ళల్లో ఏ తిరణాలకి పద్యనాటకం వేసినా కిరీటం ఆయన నెత్తినే. రిహార్సల్స్ ఆయన ఇంటి ముందుగదిలోనే జరిగేవి, అందుకని నేనూ అక్కడే ఉండిపోయాను. ఆయన భార్య శేషారత్నం నా మీద విస్తరాకుల కట్ట పెట్టేది, చింతపండు ఎండబోసేది. ఆమెకి నేను సంగీతాన్ని కాదు, బల్లని. ఆ ఇంట్లో నన్ను ఉన్నదున్నట్టు చూసిన మనిషి ఆమె ఒక్కతే అని ఇప్పుడనిపిస్తుంది.

మీ పద్యనాటకం సంగతి నాకంటే ఎవరికీ ఎక్కువ తెలీదు. పద్యం నాలుగు పాదాలు గబగబా అయిపోతుంది, ఆ తర్వాత మొదలవుతుంది రాగం. ఆ... అని అందుకున్నవాడు ఎంతసేపటికీ దింపకూడదు. పద్యానికి అర్థమేమిటో ఎవడిక్కావాలి? ఊపిరి ఎంతసేపు బిగబట్టాడన్నదే ముఖ్యం. ముత్యాల కోసం సముద్రంలో మునిగేవాడికి పెట్టాల్సిన పరీక్ష కిరీటం పెట్టుకున్నవాడికి పెడతారు. అందులో గెలిస్తే "వన్స్ మోర్!" అని కేక. యుద్ధంలో చచ్చిపడ్డ రాజు సైతం ఆ కేక వినగానే లేచి, దుమ్ము దులుపుకుని, రాగం మళ్ళీ లాగి, మళ్ళీ పడి చస్తాడు. నేను నా కళ్ళతో చూశాను. అంటే, నాకు కళ్ళున్నాయనుకోండి.

కోదండపాణి తన జన్మలో వన్స్ మోర్‌ని కాదన్నవాడు కాదు. అది ఆయన గొప్ప అని ఊరు అనేది. జబ్బు అని నేననేదాన్ని.

నాటకాల వాళ్ళకి గొంతుకి మించిన దేవుడు లేడు, ఆ దేవుడికి నైవేద్యం అతిమధురం వేరు. ముక్క విరిచి బుగ్గన పెట్టుకుని చప్పరిస్తూ ఉంటే గొంతు నున్నగా పలుకుతుందని ఒకరి నుంచి ఒకరికి పాకిన ఆచారం. మిగతావాళ్ళు నాటకం రోజున నమిలేవాళ్ళు. కోదండపాణికి అలాంటి పిసినారితనం లేదు. పళ్ళు తోముకున్న దగ్గర్నించి బుగ్గలో పుల్ల ఉండాల్సిందే. ఆయన ముద్దు పెట్టుకున్నా తియ్యగానే ఉంటుందని కాశిం శేషారత్నాన్ని ఆటపట్టించబోయి, ఆమె చేతిలో ఉన్న అట్లకాడ చూసి మాట మార్చాడు.

దగ్గు ఎప్పుడు మొదలైందో నాకు గుర్తుంది. రిహార్సల్లో రాగం పైకి వెళుతుండగా పొడిగా ఒకటి పడింది. ఖళ్ మని. కాశిం నా మెట్ల మీద వేళ్ళు పరిగెత్తించి దాన్ని కప్పేశాడు. మర్నాడు రెండు. ఆ తర్వాత దగ్గు రోజూ వచ్చే అల్లుడిలా చనువు తీసుకుంది.

అప్పుడు చూడాలి మీ జాతి విజ్ఞానం! దగ్గు ఒకడికి వస్తే వైద్యులు ఊరంతా.

"పొగాకు ఘాటు, ఇంకేం కాదు," అన్నాడు కాశిం.

"పెరుగు మానెయ్యమనండి వదినా," అంది పక్కింటావిడ.

"దిష్టి. పోయిన తిరణాల్లో అంతమంది నోళ్ళు పడ్డాయి," అన్నాడు కళాసమితి కార్యదర్శి మాలకొండయ్య. ఈ మాలకొండయ్య జేబులో ఎప్పుడూ ఒక శాలువా ఉంటుందేమోనని నా అనుమానం. మనిషి కనిపిస్తే చాలు సన్మానం చేసేస్తాడు.

ఊళ్ళో ఆరెంపీ డాక్టరు చెంచయ్య సీసా మందు ఇచ్చాడు, తగ్గలేదు. ఎర్రది మార్చి పచ్చది ఇచ్చాడు. ఆయాసం మందు గొట్టం నోట్లో కొట్టించాడు. క్షయ ఏమోనని కళ్ళె పరీక్ష చేయించాడు, అది కాదని తేలింది. అయితే గొంతే అని అందరూ తీర్మానించారు. గొంతుకి మందేమిటి? అతిమధురం! ఒక పుల్ల నమిలే చోట నాలుగు నమిలాడు. దగ్గు పెరిగిన కొద్దీ పుల్లలు పెరిగాయి, పుల్లలు పెరిగిన కొద్దీ దగ్గు పెరిగింది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసే బుర్ర ఆ ముందుగదిలో ఒక్కటీ లేకపోయింది. నాదేమో చెక్క.

ఇంకో విచిత్రం చెబుతాను. ఆయన మొహం ఉబ్బింది. కాళ్ళు ఉబ్బాయి. రాజు వేషానికి కట్టే కాలి కడియాలు పట్టలేదు. మేకప్ వాడు సంతోషపడిపోయాడు. "ఏమన్నా నిండుదనమా అన్నా! ఇన్నాళ్ళూ రాజులా నటించావు, ఇప్పుడు రాజువే అయిపోయావు" అన్నాడు. కోదండపాణి అద్దంలో చూసుకుని మీసం దువ్వుకున్నాడు. మెట్లెక్కితే రొప్పుతున్నాడు, నాలుగు మాటలంటే దగ్గుతున్నాడు, అయినా మొహం నిండుగా ఉంది కాబట్టి అంతా బాగుందన్నమాట. మీకు తెరమీద బొమ్మ బాగుంటే చాలు. తెర వెనక కాలిపోతున్నా పట్టదు.

ఆ ఏడు కళాసమితి వాళ్ళు పక్క పట్నంలో పద్యనాటక పోటీలు పెట్టారు. కల్యాణమండపంలో, పట్టపగలు, భోజనాలయ్యాక. ముందు వరసలో అతిథులు. అందులో ఒంగోలు నుంచి వచ్చిన డాక్టరు హైమవతి ఒకరు. వాళ్ళ నాన్నకి పద్యాల పిచ్చి, ఆయన పేరున ఒక కప్పు ఇవ్వడానికి వచ్చింది. గుండె డాక్టరు. మాలకొండయ్య ఆమెకి కారు దిగుతుండగానే ఒకటి, లోపలికి వచ్చాక ఒకటి శాలువాలు కప్పాడు.

కోదండపాణి వేదిక మీదికి వచ్చాడు. పద్యం ఎత్తుకున్నాడు, రాగం లాగాడు. నేను వేదిక మీదే ఒక మూల నిలబడి శ్రుతి పట్టి ఉంచాను. ఎంత వెటకారం నాదైనా ఒక మాట ఒప్పుకోవాలి, ఆ గొంతు పైకి వెళుతుంటే నా జర్మనీ రీడ్లకి కూడా ఒళ్ళు జలదరించేది. మండపం దద్దరిల్లింది.

"వన్స్ మోర్!"

మళ్ళీ లాగాడు. ఈసారి మధ్యలో గాలి తెగింది, కాశిం కప్పేశాడు.

"వన్స్ మోర్!"

మూడోసారి ఎత్తుకున్నాడు. రాగం సగానికి వచ్చి దగ్గయింది. ఒక దగ్గు కాదు, ఒకదాని తోక పట్టుకుని ఒకటి. ఆయన తూలుకుంటూ వచ్చి నా మీద పడ్డాడు. రెండు మోచేతులూ నా మెట్ల మీద. నేను నా జన్మలో చేయని చప్పుడు చేశాను, పాతిక పిల్లుల తోకలు ఒకేసారి తొక్కినట్టు. ఆయన పెదవులు నల్లబడ్డాయి. నోరు తెరుచుకుని గాలి కోసం చేపలా కొట్టుకుంటున్నాడు.

జనం ఏం చేశారో తెలుసా? చప్పట్లు కొట్టారు.

"అబ్బా, ఏం నటనరా! నిజంగా పోతున్నట్టే ఉంది!"

వెనక నుంచి ఒక మహానుభావుడు లేచి, ఈల వేసి, "వన్స్ మోర్!" అన్నాడు.

మనిషి ఊపిరాడక చస్తుంటే ఇంకోసారి చావమని అడిగే ప్రాణి భూమ్మీద మీరు తప్ప ఇంకోటి లేదు. కాశిం సంగతి అంతకన్నా ఘోరం. చేతులు స్నేహితుణ్ణి పట్టుకున్నాయి గానీ కాళ్ళు అలవాటు కొద్దీ తొక్కుతూనే ఉన్నాయి. ఆ పిల్లుల గోల ఆగితేనా!

ముందు వరసలోంచి డాక్టరమ్మ రెండు శాలువాలూ విసిరేసి వేదిక ఎక్కింది. "నిటారుగా కూర్చోబెట్టండి. పడుకోబెట్టకండి" అంటూ వచ్చి చెయ్యి పట్టుకుంది. "ఈ దగ్గు ఎన్నాళ్ళ నుంచి?"

"పొగాకు ఘాటమ్మా," అన్నాడు కాశిం. "కంపెనీలో పని కదా..."

"మీరు డాక్టరా?"

"హార్మోనిస్టునమ్మా."

"అయితే ముందు ఆ తొక్కడం ఆపండి."

ఆడవాళ్ళ వరసలోంచి శేషారత్నం పరిగెత్తుకొచ్చింది. డాక్టరమ్మ ఆమె వైపు తిరిగింది. "పడుకుంటే దగ్గు పెరుగుతుందా అమ్మా?"

"పడుకోవడం ఎక్కడ తల్లీ! వీపు నేలకి ఆనితే చాలు, దగ్గు లేపి కూర్చోబెడుతుంది. గోడకి చేరగిలబడి కునుకు తీయడమే. వెల్లకిలా పడుకుని ఎన్నాళ్ళయిందో."

"ఆ మాట ఎవరికైనా చెప్పారా?"

"దగ్గుకి మందడిగాం గానీ, పడకకి మందడుగుతామా తల్లీ?"

డాక్టరమ్మ ఆయన పంచె పైకి లాగి కాలిమీద బొటనవేలితో నొక్కింది. వేలు తీసేసినా గుంట అలాగే ఉండిపోయింది, పిండి ముద్దలో పడ్డట్టు. ఆవిడ మొహం గట్టిపడింది. "బీపీ ఎప్పుడైనా చూపించుకున్నారా?"

అంత ఆయాసంలోనూ కోదండపాణి చెయ్యి అడ్డంగా ఊపాడు. "నాకు... కోపం... రాదమ్మా."

విన్నారా? ఎవడికైనా కోపమొస్తే వాడికి బీపీ అంటారు మీరు. కోపం రానివాడికి బీపీ రాదని అక్కణ్ణించి సిద్ధాంతం చేసేశారు. ఆవిడ నవ్వలేదు. ఆయన బుగ్గ వైపు చూసింది. "నోట్లో ఏమిటది?"

"అతిమధురమమ్మా," అన్నాడు కాశిం గర్వంగా. "గొంతుకి. పొద్దున లేచిందగ్గర్నించీ నములుతూనే ఉంటాడు. మా బావంత నిష్ఠగా నమిలేవాడు జిల్లాలో లేడు."

"ఉమ్మేయించండి. ఇప్పుడే," అంది డాక్టరమ్మ.

కాశిం మొహం చూడాలి అప్పుడు. మెళ్ళో తాయెత్తు తెంపమన్నట్టు చూశాడు. శేషారత్నం ఎవరినీ చూడలేదు. మొగుడి నోట్లో వేలు పెట్టి పుల్ల బయటికి లాగి విసిరింది. ఆయన్ని డాక్టరమ్మ కారులో ఎక్కించుకుని ఒంగోలు తీసుకుపోయారు. జనం ఇంకాసేపు కూర్చున్నారు. తర్వాతి సీను ఉందేమోనని!

ఆ తర్వాత జరిగిందంతా నేను ముందుగదిలో ఉండి విన్నదే. కాశిం ఆస్పత్రికి వెళ్ళొచ్చి ఊరికి వార్తలు చదివేవాడు. "గుండె గుమ్మడికాయంత అయ్యిందంట! స్కానింగు మిషన్లో పట్టక రెండుసార్లుగా తీశారంట!" జనం నోళ్ళు తెరిచి విన్నారు. అసలు సంగతి శేషారత్నం ఇంటికొచ్చాక చెప్పింది, పక్కింటావిడకి, నామీద పప్పు చేటలో పోసి ఏరుతూ.

"దగ్గు గొంతుది కాదంట వదినా, గుండెదంట. బీపీ ఎప్పట్నించో ఉంది, మనం చూసుకున్నామా? ఆ పోటుకి గుండె అలిసిపోయింది. చేలో నీళ్ళు తోడే ఇంజను లాగలేకపోతే వెనకాల నీళ్ళు నిలబడిపోవూ? అట్లా గుండె తోయలేని రక్తం వెనక్కి ఆగి ఊపిరితిత్తుల్లోకి నెమ్ము దిగిందంట. ఆ నెమ్ముకే దగ్గు. పడుకుంటే ఇంకాస్త పైకొస్తుంది, అందుకే పడక లేదు. ఆ కాళ్ళ వాపూ అదేనంట."

"మరి అతిమధురం?"

"దాని మొహం! అది మితిమీరి తింటే ఒంట్లో ఉప్పునీ నీళ్ళనీ పోనివ్వకుండా పట్టి ఉంచుతుందంట, బీపీ ఎగదోస్తుందంట. ఒకపక్క గుండె మునిగిపోతుంటే మనం ఇంకోపక్క తూము తెరిచి నీళ్ళొదిలాం వదినా. మందనుకుని."

కోదండపాణి ఇంటికి వచ్చాడు. చిక్కిపోయాడు. అంటే, ఇన్నాళ్ళూ మనం చూసి మురిసిన నిండుదనం మాత్రల దెబ్బకి మరుగుదొడ్డిలో పోయింది. కూరల్లో ఉప్పు తగ్గింది. దగ్గు కూడా తగ్గింది. వచ్చినవాళ్ళందరూ మొహం చూసి, "అయ్యో, కళ తప్పిపోయావే" అని సానుభూతి చూపించారు. జబ్బుగా ఉన్నప్పుడు రాజు, బాగుపడుతుంటే పాపం!

డాక్టరమ్మ ఒక మాట గట్టిగా చెప్పి పంపిందట. పాడుకోండి గానీ, ఆ ఊపిరి బిగబట్టే రాగాల జోలికి పోకండి, ఆ పుల్ల నోట పెట్టకండి, మాత్రలు మీ అంతట మీరు మానకండి. ఈసారి పడితే ముందు వరసలో నేనుండను, అంది.

కొన్నాళ్ళకి ఇంకో దగ్గు వచ్చింది. ఇది వేరే రకం. వాపు లేదు, ఆయాసం లేదు, పడుకున్నా కూర్చున్నా ఒకటే. గొంతులో చీమ పాకినట్టు పొడిదగ్గు. అంతే! ముందుగది మళ్ళీ నిండిపోయింది.

"చూశావా? నేను ముందే చెప్పా, గొంతేనని," అన్నాడు ఆరెంపీ చెంచయ్య.

"ఆ మాత్రలు వేడి చేశాయి. మానేస్తే పోతుంది," అన్నాడు మాలకొండయ్య. "పై వారం సమితి వార్షికోత్సవం, నీ పద్యం లేకపోతే ఎట్లా?"

 కాశిం జేబులోంచి అతిమధురం కట్ట తీసి నా మీద పెట్టాడు. కొత్తది, పచ్చటి నూలుదారంతో కట్టినది. "ఒక్క పుల్ల బావా. వార్షికోత్సవం దాకానే. నువ్వు లేకుండా నేనెవరికి వాయించను?" అన్నాడు.  వెధవ, ప్రేమతోనే అన్నాడు. మనుషులు ఒకరినొకరు ముంచేది ఎక్కువగా ఆ ప్రేమతోనే.

అందరూ వెళ్ళాక కోదండపాణి నా ముందు కుర్చీలో కూర్చున్నాడు. కట్ట విప్పాడు. ఒక పుల్ల తీసి వాసన చూశాడు. శేషారత్నం వాకిట్లో బట్టలు ఆరేస్తోంది, చూడలేదు. నేను చూస్తూ ఉన్నాను. తిత్తుల నిండా గాలి లేకపోయింది గానీ, ఉంటే అరిచి ఉండేదాన్ని. పుల్ల పెదవుల దాకా వెళ్ళింది. అక్కడ ఆగింది.

పెదవుల దగ్గర దాన్నలాగే పట్టుకుని, రెండో చేత్తో ఫోను తీసి డాక్టరమ్మకి కలిపాడు.

"అమ్మా, నేను... ఆ రోజు మీరు ఉమ్మేయించారే, ఆ మనిషిని. మళ్ళీ దగ్గొస్తోందమ్మా. మీ మాత్రల వల్లనే అంటున్నారు అంతా. మానెయ్యనా?"

అవతలి మాటలు నాకు వినపడలేదు. ఆయన "ఆ... ఆ..." అంటూ వింటున్నాడు. రాగం కాదు, ఊరికే ఆ. పెట్టేశాక వాకిట్లోకి కేకేశాడు. "శేషూ! మాత్ర వల్లేనంట. ఆ రకం మాత్రకి కొందరికి పొడిదగ్గు వస్తుందంట. వేరేది మారుస్తానంది. మానొద్దంది. రేపు ఒంగోలు పోదాం."

"మరి అంతా అన్నది నిజమేగా?" అంది ఆమె తడిచేతులతో లోపలికి వస్తూ.

"సగం నిజం. మాత్ర వల్ల అన్నారు, అది నిజం. మానెయ్యమన్నారు. ఆ సగంతో చచ్చేవాణ్ణి."

ఆమె నామీదున్న కట్ట చూసింది, ఆయన చేతిలో పుల్ల చూసింది.  ఆయనే లేచి వెళ్ళి రెండింటినీ నీళ్ళు కాగే పొయ్యిలో పెట్టి వచ్చాడు. ఇల్లంతా తియ్యటి వాసన. మాత్ర మారాక ఆ పొడిదగ్గు కూడా కొద్ది వారాల్లో సద్దుమణిగింది.

వార్షికోత్సవం నాటికి అది ఇంకా పూర్తిగా పోలేదు, అక్కడక్కడా దగ్గుతూనే వెళ్ళాడు. నన్నూ తీసుకెళ్ళారు. కిరీటం లేదు, తెల్లచొక్కా. పద్యం చదివాడు. నిజంగా చదివాడు. మాట మాటకీ ఆగి, ఊపిరి తీసుకుని, ప్రతి ముక్కా అర్థమయ్యేలా. ఇన్నేళ్ళ నుంచి ఆ పద్యానికి శ్రుతి వేస్తున్నాను, అందులో ఒక తండ్రి కొడుకుని వదిలేసి పోతున్నాడని నాకు ఆ రోజే తెలిసింది. చివర రాగం ఎత్తలేదు. జనం కాసేపు ఎదురు చూశారు. తర్వాత అలవాటు కొద్దీ ఎవడో "వన్స్ మోర్!" అన్నాడు, రాగం కోసం. ఇంకో నలుగురు అందుకున్నారు.

కోదండపాణి మైకు దగ్గరికి వంగాడు. "ఉన్నది ఇంతేనయ్యా. మిగిలింది ఇంటికి పట్టుకుపోవాలి," అని దండం పెట్టి దిగిపోయాడు.

"అయిపోయాడు పాపం," అనుకున్నారు జనం. కుర్చీల చప్పుడు మొదలైంది. కాశిం ఒక్కడూ కాళ్ళు తొక్కడం ఆపకుండా, ఆయన మెట్లు దిగేవరకూ శ్రుతి పట్టి ఉంచాడు. ఆ ఒక్కసారికి అతని కాళ్ళని క్షమించాను.

ఇప్పుడు కాశిం కరెంటు కీబోర్డు కొన్నాడు. చంకలో పెట్టుకుని పోవచ్చు. అందులో వీణ, సన్నాయి, కుక్క మొరుగు, అన్నీ ఉన్నాయట. మాలకొండయ్యకి నా మీద ప్రేమ పుట్టింది. కళాసమితి గదిలో అద్దాల బీరువా పక్కన నన్ను నిలబెట్టి, మెళ్ళో దండేసి, పాత వస్తువు అని బోర్డు పెడతాడట. నిన్న మధ్యాహ్నం ఇద్దరు మనుషుల్ని వెంటేసుకుని వచ్చాడు. ముందుగదిలోకి వస్తూనే నా నడుం పట్టుకుని ఎత్తబోయారు. నేను ముక్కుతూ, మూలుగుతూ గుమ్మం దాకా కదిలాను. తొక్కుడు చెక్కలు టకటకా కొట్టుకున్నాయి.

లోపల్నించి శేషారత్నం పరిగెత్తుకొచ్చింది. "దించండి! దించండి అంటుంటే! చప్పుడు చెయ్యొద్దు!"

"ఏమైందమ్మా? కోదండపాణి గారికి మళ్ళీ..." మాలకొండయ్య మొహం పాలిపోయింది.

"పడుకున్నాడు."

"ఓస్, పడుకోవడమేనా! పగలే నిద్రేమిటి, లేపండి. ఒక్కమాట చెప్పి పట్టుకుపోతాం."

"ఆయన్ని లేపితే నీ కాళ్ళు విరగ్గొడతా." గొంతు తగ్గించి, వేలితో లోపలికి చూపించింది. ఆమె మొహంలో ఉన్న గర్వం ఆయన కప్పులు తెచ్చిన రోజుల్లో కూడా నేను చూడలేదు. "వెల్లకిలా పడుకున్నాడయ్యా. తలగడ కూడా ఒక్కటే. కావాలంటే చెప్పులిప్పి వచ్చి చూసిపో."

మాలకొండయ్య తొంగిచూశాడు. చాపమీద ఒక మనిషి నోరు కొంచెం తెరుచుకుని, కదలకుండా పడుకుని ఉన్నాడు. ఛాతీ లేస్తోంది, దిగుతోంది. ఇందులో చూడాల్సిందేమిటో అర్థం కాక బుర్ర గోక్కున్నాడు. శాలువా కప్పడానికి కూడా ఏమీ దొరకలేదు పాపం. నన్ను అలాగే గుమ్మంలో అడ్డంగా వదిలేసి, మునివేళ్ళ మీద నడుచుకుంటూ మనుషుల్ని తీసుకుని వెళ్ళిపోయాడు.